ఆదిమ ఒడుదొడుకుల మోడల్‌ను డేటాతో పరీక్షించడం ఎలా: ప్రశ్న రాసుకోవడం నుంచి ఫలితం రాయడం దాకా

"నా ఇన్‌ఫ్లేషన్ మోడల్ కై-స్క్వేర్‌ను 10 తగ్గించింది. చెప్పుకోదగ్గ సంగతేనా?" ఈ మధ్య ఇలాంటి ప్రశ్నలే ఎక్కువగా వస్తున్నాయి. (కై-స్క్వేర్ అంటే డేటాకూ మోడల్‌కూ మధ్య తేడాను కొలిచే అంకె. తగ్గితే మోడల్ డేటాకు ఇంకా దగ్గరైనట్టు.) ఎన్ని పారామీటర్లు కలిపారు, ఎన్ని చోట్ల వెతికారు, ప్రయర్ (డేటా చూడకముందు పారామీటర్ విలువలకు ఇచ్చే హద్దులు, బరువులు) ఎప్పుడు పెట్టుకున్నారు అన్నవి తెలిస్తే తప్ప ఆ 10కి విలువ కట్టలేం. విలువ కట్టే పద్ధతే ఈ వ్యాసం.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ స్థాయి కాస్మాలజీ, కొద్దిగా పైథాన్ వచ్చినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ప్లాంక్ ఉపగ్రహం 2018 డేటా (తొలినాటి విశ్వం నుంచి వచ్చే మైక్రోవేవ్ వెలుగు, అంటే సీఎంబీ, కొలతలు) మీదే. ఇన్‌ఫ్లేషన్ అంటే ఏమిటి, ఎవరు కనిపెట్టారు అన్న జోలికి పోవడం లేదు.

1. ప్రశ్నను ముందే రాసి పెట్టుకోండి

ఈ పనిలో ప్రశ్నలు మూడు రకాలు. పారామీటర్ విలువ ఎంత? మోడల్ డేటాకు నప్పుతోందా? రెండు మోడళ్లలో డేటా దేనివైపు మొగ్గుతోంది? మొదటిదానికి పోస్టీరియర్ (డేటా చూశాక పారామీటర్ విలువల సంభావ్యత) చాలు. రెండోదానికి కై-స్క్వేర్, సిమ్యులేషన్లు కావాలి. మూడోదానికి ఎవిడెన్స్ (ప్రయర్ అంతటి మీదా సగటు తీస్తే ఆ మోడల్‌కు ఈ డేటా వచ్చే అవకాశం) లెక్క కావాలి.

గందరగోళమంతా ఒక ప్రశ్నకు వచ్చిన అంకెను ఇంకో ప్రశ్నకు జవాబుగా వాడటం వల్లే వస్తుంది. ప్లాంక్ 2018 ప్రకారం స్పెక్ట్రల్ ఇండెక్స్ ఎన్ఎస్ (ఆదిమ స్పెక్ట్రమ్ వాలును చెప్పేది, వాలు లేకపోతే 1) విలువ 0.9649 ± 0.0042. అంటే 1 నుంచి 8 సిగ్మాలకు పైగా దూరం. "స్పెక్ట్రమ్‌కు వాలు ఉందా?" అన్న ప్రశ్నకు ఇది గట్టి జవాబు. "అయితే స్టారోబిన్‌స్కీ మోడలే నిజమా?" అంటే మాత్రం ఈ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఆ వాలును ఇచ్చే మోడళ్లు పదుల కొద్దీ ఉన్నాయి.

డేటా ఫైలు తెరవకముందే ఒక టెక్స్ట్ ఫైలులో ఇవి రాసి, తేదీ వేసి, గిట్‌లో పెట్టేయండి:

- పోలికకు ఆధార మోడల్ ఏది, కొత్త మోడల్ ఏది
- కొత్త పారామీటర్లు ఏవి, వాటి హద్దులు ఎంతెంత, ఎందుకు
- ఏ డేటా, ఏ మల్టీపోల్ (ఎల్ అంటారు, ఎల్ పెరిగితే ఆకాశంలో కోణం చిన్నది) పరిధి
- ఏ కొలమానంతో తీర్పు చెప్తారు, ఎంత దాటితే ఏమంటారు

ఇది లేకుండా ముందు డేటా చూసి, ఆ తర్వాత ప్రయర్ ఎంచుకుంటే పెళ్లయ్యాక ముహూర్తం పెట్టించుకున్నట్టే.

2. సామగ్రి సిద్ధం చేసుకోండి

ఆదిమ స్పెక్ట్రమ్ నుంచి ఇవాళ కనిపించే కోణీయ స్పెక్ట్రమ్‌కు వెళ్లడానికి క్యాంబ్ గానీ క్లాస్ గానీ అనే కోడ్ కావాలి. రెండూ ఉచితమే. ఒకదానితో పని చేసి, చివర్లో రెండోదానితో సరిచూసుకోవడం మంచి అలవాటు.

శాంపిలింగ్‌కు కోబాయా లేదా మాంటె పైథాన్. చైన్లు (శాంపిలింగ్‌లో వచ్చే పారామీటర్ విలువల వరుసలు) విశ్లేషించడానికి గెట్‌డిస్ట్. ఎవిడెన్స్ లెక్కకు పాలీకార్డ్. కోబాయా లోపల నుంచే నడుస్తుంది.

ప్లాంక్ లైక్లీహుడ్ (మోడల్‌కు ఈ డేటా వచ్చే అవకాశాన్ని లెక్కించే కోడ్) విషయంలో మొదటి రోజే "పూర్తి ప్లిక్" జోలికి వెళ్లకండి. ముందుగా "ప్లిక్ లైట్" వాడండి. ఇందులో గెలాక్సీలు, ధూళి లాంటి ముందు అడ్డుల లెక్క ముందే కలిసిపోయి ఉంటుంది. మీకు మిగిలేది ఒక్క కాలిబ్రేషన్ పారామీటరే. కోబాయాలో దీని పైథాన్ రూపం ఉంది కాబట్టి ఇన్‌స్టాలేషన్ తలనొప్పి తక్కువ. ల్యాప్‌టాప్‌లో రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టి వదిలేసే స్థాయి పని.

దీనికి తోడు ఎల్ 2 నుంచి 29 దాకా రెండు లైక్లీహుడ్‌లు వేరుగా ఉంటాయి: ఉష్ణోగ్రతకు ఒకటి, ఈ-మోడ్ ధ్రువణానికి ఒకటి. రెండూ కలపాలి. ధ్రువణానిది వదిలేస్తే టౌ (దారిలో ఎలక్ట్రాన్లు ఈ వెలుగును ఎంత చెదరగొట్టాయన్న కొలత), ఆంప్లిట్యూడ్ (ఆదిమ ఒడుదొడుకుల పరిమాణం) ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. చిన్న కోణాల్లో డేటా నేరుగా కొలిచేది ఆంప్లిట్యూడ్‌ను ఈ (సహజ లాగ్‌కు ఆధారమైన e) పవర్ మైనస్ 2 టౌతో గుణిస్తే వచ్చే విలువనే, అది సుమారు 1.88 × 10⁻⁹. విడిగా ఆంప్లిట్యూడ్ 2.1 × 10⁻⁹ అని తేల్చాలంటే టౌ తెలియాల్సిందే.

3. డేటాలో ఏముందో, ఏం పోయిందో తెలుసుకోండి

ఈ అడుగు చాలామంది దాటేస్తారు. ప్లిక్ లైట్ డేటా బిన్లుగా వస్తుంది. ఉష్ణోగ్రతకు 215, క్రాస్ స్పెక్ట్రమ్‌కు 199, ఈ-మోడ్‌కు 199, మొత్తం 613. బిన్ వెడల్పు ఎల్ 100 లోపు 5, అక్కడి నుంచి 1503 దాకా 9, తర్వాత 17, చివర్లో 33.

ఇది ఎందుకు పట్టించుకోవాలంటే, మీ మోడల్ స్పెక్ట్రమ్‌లో గబగబా ఊగే అలలు ఉంటే అవి బిన్లలో సగటుకు కొట్టుకుపోతాయి. ఎల్ 1,800 దగ్గర పది మల్టీపోల్‌లకు ఒకసారి ఊగే అల ప్లిక్ లైట్‌కు కనిపించనే కనిపించదు. మీ మోడల్‌కు "డేటా అభ్యంతరం చెప్పలేదు" అని సంతోషపడతారు, డేటా అసలు చూడనే లేదు. అలాంటి మోడళ్లకు బిన్ చేయని పూర్తి లైక్లీహుడ్ తప్పదు.

పెద్ద కోణాల దగ్గర ఇంకో పరిమితి ఉంది. మనకు కనబడే ఆకాశం ఒక్కటే. ఎల్ 2 దగ్గర స్వతంత్రమైన కొలతలు అయిదే కాబట్టి, పరికరం ఎంత గొప్పదైనా అక్కడ స్పెక్ట్రమ్ మీద 63 శాతం అనిశ్చితి తప్పదు. క్వాడ్రుపోల్ (ఎల్ 2) తక్కువగా ఉందని, ఎల్ 20-30 మధ్య చిన్న గుంట ఉందని మోడల్ కట్టేవాళ్లు ఈ అంకెను గోడకు అంటించుకోవాలి.

గురుత్వ తరంగాల జాడ కోసం బీ-మోడ్ (ధ్రువణంలో సుడి తిరిగే భాగం) డేటా వాడితే ధూళిని మీరే లెక్కలోకి తీసుకోవాలి. 2014 మార్చిలో బైసెప్2 బృందం ఆర్ (గురుత్వ తరంగాలకూ సాంద్రత ఒడుదొడుకులకూ మధ్య నిష్పత్తి) విలువ 0.20 అని ప్రకటించింది. కొలత 150 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కచోటే. మరుసటి ఏడాది ప్లాంక్ ధూళి పటాలు కలిపి చూస్తే అది 0.12 లోపు అనే హద్దుగా మారిపోయింది. కొలత తప్పు కాదు, సిగ్నల్ నిజంగానే ఉంది. ఆ సిగ్నల్ ఎక్కడి నుంచి వచ్చిందన్న మోడలే చాలలేదు.

4. ముందు పాత ఫలితాన్ని తిరిగి రాబట్టండి

కొత్త మోడల్ ముట్టుకోకముందు, మామూలు ఆరు పారామీటర్ల మోడల్‌ను నడిపి ప్లాంక్ ప్రచురించిన విలువలు వస్తున్నాయో లేదో చూడండి. ఉష్ణోగ్రత, ధ్రువణం రెండూ కలిపితే (లెన్సింగ్ లేకుండా) రావలసినవి ఇవీ:

- ఎన్ఎస్: 0.9649 ± 0.0044
- ఆంప్లిట్యూడ్‌ను 10¹⁰తో గుణించి తీసిన సహజ లాగ్: 3.045 ± 0.016
- టౌ: సుమారు 0.054
- హబుల్ స్థిరాంకం: 67.27 ± 0.60

సిగ్మాలో అయిదో వంతు అటూఇటూ అయితే ఫర్వాలేదు. అర సిగ్మా తేడా వస్తే ఆగండి. మొదట న్యూట్రినో ద్రవ్యరాశి చూడండి, ప్లాంక్ 0.06 ఎలక్ట్రాన్ వోల్ట్ పెట్టింది, మీ కోడ్‌లో సున్నా ఉండవచ్చు. తర్వాత లెన్సింగ్ కలిపిన స్పెక్ట్రమ్ ఇస్తున్నారా, కలపనిది ఇస్తున్నారా చూడండి. ఆ తర్వాత యూనిట్లు: స్పెక్ట్రమ్‌ను ఎల్ × (ఎల్ + 1) / 2 పైతో గుణించారా లేదా, మైక్రోకెల్విన్‌లోకి మార్చారా లేదా. యూనిట్ తప్పయితే కై-స్క్వేర్ లక్షల్లో వచ్చి తనే చెప్పేస్తుంది. న్యూట్రినో తప్పు మాత్రం చడీచప్పుడు లేకుండా హబుల్ విలువను జరిపేస్తుంది.

5. మీ మోడల్ ఏం చెప్తోందో అంకెల్లో తేల్చండి

నెమ్మదిగా దొర్లే సాదా పొటెన్షియల్ అయితే సూత్రాలు సరిపోతాయి. ఇన్‌ఫ్లేషన్ ముగియడానికి ఎన్ని ఈ-ఫోల్డుల (విశ్వం ఒక్కోసారి e రెట్లు పెరగడం) ముందు మనం చూస్తున్న అలలు హొరైజన్ దాటాయన్నదే ముఖ్యమైన సంఖ్య. దాన్ని ఎన్ అందాం.

స్టారోబిన్‌స్కీ మోడల్‌లో ఎన్ఎస్ అంటే 1 మైనస్ 2/ఎన్, ఆర్ అంటే 12 భాగించు ఎన్ వర్గం. ఎన్ 55 అయితే 0.9636, 0.004. ఫీల్డ్ వర్గం పొటెన్షియల్‌కు ఎన్ఎస్ సూత్రం అదే గానీ, ఆర్ 8/ఎన్. ఎన్ 60 అయినా 0.133 వస్తుంది. బైసెప్, కెక్ 2021లో ఇచ్చిన హద్దు 0.036. ఈ పొటెన్షియల్‌కు ఇక గణాంకాల అవసరం కూడా లేదు.

ఎన్‌ను ఒక్క విలువ దగ్గర బిగించేయకండి. రీహీటింగ్ (ఇన్‌ఫ్లేషన్ ముగిశాక విశ్వం మళ్లీ వేడెక్కడం) ఎలా జరిగిందో తెలియనంత కాలం ఎన్ కూడా తెలియని పారామీటరే. మామూలుగా 50 నుంచి 60 దాకా వదిలి, మిగతావాటితో పాటు శాంపిల్ చేయాలి. "నా మోడల్ ఎన్ఎస్ సరిగ్గా 0.965 ఇస్తుంది" అని రాసినవాళ్లలో చాలామంది ఎన్‌ను దానికి తగ్గట్టే ఎంచుకుని ఉంటారు.

పొటెన్షియల్‌లో మెట్టు, గుంట, అలలు ఉంటే ఆ సూత్రాలు పనిచేయవు. ముఖానోవ్-ససాకి సమీకరణాన్ని ఒక్కో తరంగసంఖ్యకు అంకెల్లో సాధించాలి. అలను హొరైజన్‌కు బాగా లోపల, తరంగసంఖ్య హబుల్ స్కేలుకు వంద రెట్లు ఉన్నప్పుడు మొదలుపెట్టి, దాటాక విలువ స్థిరపడేదాకా నడపండి. పరీక్ష సులువే: మెట్టు ఎత్తు సున్నా చేస్తే పాత సూత్రం విలువ ఒక శాతం తేడాలో రావాలి.

వచ్చిన స్పెక్ట్రమ్‌ను పట్టికగా క్యాంబ్‌కు ఇవ్వవచ్చు. ఒక్కో అలకు కనీసం 20 బిందువులు ఉండాలి. అంతకంటే ముఖ్యం: క్యాంబ్, క్లాస్ రెండూ వేగం కోసం కొన్ని మల్టీపోల్‌ల దగ్గరే లెక్కించి మధ్యలోవి ఇంటర్‌పొలేట్ చేస్తాయి. నున్నని స్పెక్ట్రమ్‌కు అది చాలు, ఊగే స్పెక్ట్రమ్‌కు చాలదు. ఖచ్చితత్వం సెట్టింగులు రెట్టింపు చేసి కై-స్క్వేర్ ఎంత మారిందో చూడండి. 0.2 కంటే ఎక్కువ మారితే ఇంకా పెంచాలి.

పివట్ (విలువలు చెప్పడానికి ఎంచుకునే తరంగసంఖ్య) సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. ఆర్‌ను కొందరు మెగాపార్సెక్‌కు 0.05 దగ్గర, కొందరు 0.002 దగ్గర చెప్తారు. ఎన్ఎస్ 0.965 అయితే రెండింటికీ దాదాపు 10 శాతం తేడా. ఒకరి హద్దు, ఇంకొకరి పివట్ కలిపి గీసిన పటాలు నేటికీ కనిపిస్తుంటాయి.

6. ప్రయర్ ఎంచుకోవడం, తీర్పు ఎలా మారుతుందో చూడటం

ఈ వ్యాసంలో ఒక్క విభాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఉదాహరణకు రన్నింగ్ తీసుకుందాం. ఎన్ఎస్ అన్ని కోణాల దగ్గరా ఒకటేనా, మెల్లగా మారుతోందా అన్న ప్రశ్న. ప్లాంక్ కొలత మైనస్ 0.0045 ± 0.0067. సున్నా ఒక సిగ్మా లోపలే ఉంది. "రన్నింగ్ లేదు" మోడల్‌ను "రన్నింగ్ ఉంది" మోడల్‌తో పోల్చాలి.

ఒక మోడల్ ఇంకోదానిలో ఇమిడి ఉంటే బేస్ ఫ్యాక్టర్‌కు (రెండు మోడళ్ల ఎవిడెన్స్‌ల నిష్పత్తికి) దగ్గరి దారి ఉంది, దాని పేరు సావేజ్-డికీ నిష్పత్తి. పెద్ద మోడల్‌లో, సున్నా దగ్గర పోస్టీరియర్ సాంద్రతను ప్రయర్ సాంద్రతతో భాగిస్తే చాలు.

పోస్టీరియర్ గాసియన్ అనుకుంటే సున్నా దగ్గర దాని సాంద్రత సుమారు 47.5. ఇక ప్రయర్ మార్చి చూద్దాం:

- మైనస్ 1 నుంచి 1 దాకా సమానం: సాంద్రత 0.5, బేస్ ఫ్యాక్టర్ 95, లాగ్ 4.6
- మైనస్ 0.1 నుంచి 0.1 దాకా: సాంద్రత 5, బేస్ ఫ్యాక్టర్ 9.5, లాగ్ 2.3
- మైనస్ 0.02 నుంచి 0.02 దాకా: సాంద్రత 25, బేస్ ఫ్యాక్టర్ 1.9, లాగ్ 0.6

డేటా ఒక్కటే, కొలతా ఒక్కటే. వాడుకలో ఉన్న జెఫ్రీస్ కొలబద్ద ప్రకారం లాగ్ 1 లోపు ఉంటే తేలలేదు, 2.5 దాకా బలహీనం, 5 దాకా మధ్యస్థం, ఆ పైన బలం. మూడు ప్రయర్లు, మూడు వేర్వేరు తీర్పులు.

"అయితే బేస్ పద్ధతే దండగ" అని కొందరు లేచిపోతారు. నేను ఒప్పుకోను. ఆ మూడు వరుసలు మూడు వేర్వేరు ప్రశ్నలు. నెమ్మదిగా దొర్లే ఇన్‌ఫ్లేషన్‌లో రన్నింగ్ సుమారు మైనస్ 2 భాగించు ఎన్ వర్గం, అంటే మైనస్ 0.0007 ప్రాంతం. దాన్ని పరీక్షిస్తున్నానని చెప్పి మైనస్ 1 నుంచి 1 దాకా ప్రయర్ పెడితే, ఎవరూ నమ్మని మోడల్‌ను ఓడించి చప్పట్లు కొట్టుకున్నట్టే. నిజానికి కొలత అనిశ్చితే ఆ అంచనాకు దాదాపు పది రెట్లు. ఈ డేటాతో ఆ ప్రశ్న తేలదు, అంతే.

అందుకే:

- ప్రయర్ వెడల్పుకు భౌతికశాస్త్రం నుంచి కారణం రాయండి. "చాలా వెడల్పుగా పెట్టాను, కాబట్టి నిష్పాక్షికం" అనేది కారణం కాదు
- కనీసం రెండు వెడల్పులతో ఫలితం చెప్పండి
- ఎన్నో రెట్లు మారే పరిమాణాలకు (పొటెన్షియల్ ఎత్తు లాంటివి) లాగ్ ప్రయర్ వాడండి, కింది హద్దు ఎందుకు అక్కడే పెట్టారో రాయండి
- పొటెన్షియల్ పారామీటర్ల మీద సమానమైన ప్రయర్, ఎన్ఎస్, ఆర్ మీద సమానంగా ఉండదు. డేటా లేకుండా ఒకసారి శాంపిల్ చేసి, ఎన్ఎస్-ఆర్ తలంలో బిందువులు ఎక్కడ పడుతున్నాయో గీసి చూడండి

7. చైన్లు నడపడం

నాలుగు చైన్లు, వేర్వేరు చోట్ల నుంచి మొదలు. చైన్లు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయో చెప్పే గెల్మన్-రూబిన్ విలువ (ఆర్ మైనస్ 1 అంటారు, ఇది గురుత్వ తరంగాల ఆర్ కాదు) 0.01 కిందికి రావాలి. మొదటి 30 శాతం పారేయండి.

పోస్టీరియర్ ఒకే గుట్టగా ఉంటేనే ఈ పరీక్ష నమ్మదగ్గది. ఊగే స్పెక్ట్రమ్ మోడళ్లలో ఫ్రీక్వెన్సీ పోస్టీరియర్ చిన్న చిన్న గుట్టలుగా ఉంటుంది. నాలుగు చైన్లూ ఒకే గుట్టలో ఇరుక్కుని "కన్వర్జ్ అయ్యాం" అంటాయి. అక్కడ పాలీకార్డ్ లాంటి నెస్టెడ్ శాంప్లర్‌కు మారాలి. లైవ్ పాయింట్లు రెట్టింపు చేసి మళ్లీ నడిపినప్పుడు ఎవిడెన్స్ తన ఎర్రర్ లోపలే ఉండాలి.

చైన్‌లో దొరికిన అతి తక్కువ కై-స్క్వేర్‌ను బెస్ట్ ఫిట్ అనుకోవద్దు. పారామీటర్లు ఎక్కువయ్యే కొద్దీ చైన్ అసలు అడుగును తాకదు. 20కి పైగా పారామీటర్లున్న పూర్తి ప్లిక్‌తో అయితే కొన్ని యూనిట్లు పైనే ఉండిపోతుంది. రెండు మోడళ్ల మధ్య తేడా 3, 4 ఉందని చెప్పేటప్పుడు ఈ లోటే ఆ తేడాను మింగేయగలదు. మినిమైజర్‌ను వేర్వేరు చోట్ల నుంచి చాలాసార్లు నడిపి, అన్నిటికంటే తక్కువ విలువ తీసుకోండి.

8. మోడల్ నప్పుతోందా?

ప్లిక్ లైట్‌లో 613 బిన్లు. నప్పే మోడల్‌కు కై-స్క్వేర్ ఆ చుట్టుపక్కలే, సుమారు 35 అటూఇటూగా ఉండాలి. పారామీటర్లు ఆరేడే కాబట్టి వాటిని తీసేసినా పెద్ద తేడా రాదు.

మొత్తం అంకె చూసి వదిలేయకండి. ఉష్ణోగ్రత, క్రాస్, ఈ-మోడ్, తక్కువ ఎల్ భాగాలకు కై-స్క్వేర్ విడివిడిగా రాయండి. మిగిలిన తేడాలను (డేటా మైనస్ మోడల్) ఎల్‌తో పాటు గీయండి. మొత్తంలో కనబడని వరుస తేడాలు అక్కడ కంటికి కనబడతాయి.

9. ఫీచర్ల వేట: ఆ 10 ఖరీదు ఎంత?

ఇక మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం. నున్నని స్పెక్ట్రమ్‌ను ఒక కొసైన్ అలతో గుణిస్తాం. కొత్త పారామీటర్లు మూడు: అల ఎత్తు, ఫ్రీక్వెన్సీ, ఫేజ్. కై-స్క్వేర్ 10 తగ్గింది.

మూడు పారామీటర్లు కాబట్టి పట్టిక తీసి మూడు డిగ్రీల కై-స్క్వేర్‌తో పోల్చి "98 శాతం నమ్మకం" అని రాసేస్తారు. ఇది తప్పు. అల ఎత్తు సున్నా అయితే ఫ్రీక్వెన్సీకి, ఫేజ్‌కు అర్థమే ఉండదు. ఆ పట్టికను వాడవచ్చని చెప్పే విల్క్స్ సిద్ధాంతం నిలబడటానికి కావలసిన షరతు అక్కడే తెగిపోయింది, కాబట్టి ఆ పట్టిక ఇక్కడ చెల్లదు.

సరైన లెక్కకు దగ్గరగా ఉన్నది ఇదీ. ఫ్రీక్వెన్సీ ఒక్కచోట బిగిస్తే మిగిలేవి రెండు (ఎత్తు, ఫేజ్). రెండు డిగ్రీలకు 10 కంటే ఎక్కువ తగ్గే అవకాశం ఈ పవర్ మైనస్ 5, అంటే 0.0067. కానీ మీరు వెతికింది ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఫ్రీక్వెన్సీలు 100 ఉన్నాయనుకుంటే, వాటిలో ఏదో ఒకచోట 10 తగ్గే అవకాశం 49 శాతం. నాణెం ఎగరేసినంత.

ప్లాంక్ బృందం సొంత విశ్లేషణలోనూ ఇలాంటి టెంప్లేట్లకు కై-స్క్వేర్ పది ప్రాంతంలో తగ్గింది. గణాంకపరంగా ఫీచర్ ఉందనడానికి ఆధారం లేదనే తేల్చారు.

ఆ "100" ఎంతో ఊహించకుండా తేల్చాలంటే సిమ్యులేషన్లు చేయాలి:

1. నున్నని మోడల్ బెస్ట్ ఫిట్ తీసుకోండి.
2. లైక్లీహుడ్ కోవేరియన్స్ మ్యాట్రిక్స్‌ను ఛొలెస్కీ పద్ధతిలో విడదీసి, దాంతో నాయిస్ పుట్టించి కలపండి. ఇది ఫీచర్ లేని నకిలీ డేటా.
3. దాని మీద అదే మోడల్, అదే ఫ్రీక్వెన్సీ పరిధి, అదే మినిమైజర్ నడపండి. ఏదీ కుదించకండి.
4. తగ్గిన కై-స్క్వేర్ రాసుకోండి. వెయ్యిసార్లు చేయండి.
5. అసలు డేటాలో వచ్చిన తగ్గుదలను మించినవి ఎన్నో లెక్కపెట్టండి. అదే మీ పీ-విలువ.

వెయ్యి నకిలీ డేటాల్లో పదింటిలో అలా మించితే పీ-విలువ 0.01, దాని మీద మూడింట ఒక వంతు అనిశ్చితి. అంతకంటే చిన్న పీ-విలువ చెప్పాలంటే ఇంకా ఎక్కువ నకిలీ డేటా కావాలి. సమయం చాలకపోతే కాస్మాలజీ పారామీటర్లను బెస్ట్ ఫిట్ దగ్గర బిగించి, అల పారామీటర్లనే కదపండి. అయితే అసలు డేటాకూ అలాగే చేయాలి.

ఇంకో మంచి పరీక్ష ధ్రువణం. ఆదిమ స్పెక్ట్రమ్‌లో నిజంగా అల ఉంటే అది ఉష్ణోగ్రతలోనూ ఈ-మోడ్‌లోనూ కనబడి తీరాలి, ఈ-మోడ్‌లో ఇంకా పదునుగా. ఉష్ణోగ్రతలో దొరికిన ఫ్రీక్వెన్సీ, ఫేజ్‌లను బిగించి ఈ-మోడ్ డేటా మీద ఎత్తును మాత్రమే కొలవండి. ఇక్కడ వెతుకులాట లేదు కాబట్టి మామూలు సిగ్మా లెక్క చెల్లుతుంది. నా మటుకు నాకు, వెయ్యి సిమ్యులేషన్ల కంటే ఈ ఒక్క పరీక్ష మీదే నమ్మకం ఎక్కువ.

10. గాసియన్ కాని జాడలు

దీని గురించి క్లుప్తంగా. పవర్ స్పెక్ట్రమ్ లైక్లీహుడ్‌తో ఈ పరీక్ష కుదరదు. పటాల నుంచి బైస్పెక్ట్రమ్ (మూడేసి అలల మధ్య సంబంధం) లెక్కించాలి. ఒంటరిగా మొదలుపెట్టే పని కాదు. ప్లాంక్ 2018 ఇచ్చిన ఎఫ్ఎన్ఎల్ (గాసియన్ నుంచి ఎంత తప్పుకుందన్న కొలత) విలువలు వాడుకోండి: లోకల్ రూపానికి మైనస్ 0.9 ± 5.1, ఈక్విలేటరల్‌కు మైనస్ 26 ± 47, ఆర్థోగోనల్‌కు మైనస్ 38 ± 24. మీ మోడల్ ఏ రూపానికి దగ్గరో ముందు తేల్చి, ఆ గాసియన్‌ను అదనపు లైక్లీహుడ్‌గా కలపండి. ఒకే ఫీల్డ్ ఉన్న సాదా మోడళ్ల లోకల్ అంచనా 0.015 ప్రాంతం కాబట్టి వాటికి ఇది కలిపినా ఏమీ మారదు.

11. డేటాలు కలిపేటప్పుడు

ప్లాంక్ ఒక్కదాంతో ఎన్ఎస్ 0.965. 2025లో అటకామా టెలిస్కోప్ ఆరో డేటా విడుదలను ప్లాంక్‌తో కలిపితే 0.9709 ± 0.0038. దానికి లెన్సింగ్, డెసి సర్వే బేరియాన్ కొలతలు (గెలాక్సీల అమరిక నుంచి దూరాలు తేల్చేవి) కూడా కలిపితే 0.974 ± 0.003. స్టారోబిన్‌స్కీ మోడల్ ఎన్ 60 దగ్గర చెప్పే 0.9667 అప్పుడు రెండు సిగ్మాలు దాటి బయట పడుతుంది.

"మోడల్ పోయింది" అని రాసే ముందు ఒకటి చూడండి. ఎన్ఎస్ పెరిగినదాంట్లో కొంత భాగం బేరియాన్ కొలతలకూ సీఎంబీకీ మధ్య పొంతన పూర్తిగా కుదరకపోవడం వల్ల వచ్చింది. పొంతన లేని రెండు డేటాలు కలిపితే ఎర్రర్ చిన్నదవుతుంది, నమ్మకం మాత్రం పెరగకూడదు. కాబట్టి ఒక్కో డేటాతో విడిగా, తర్వాత కలిపి, రెండు ఫలితాలూ ఒకే పట్టికలో చూపండి.

12. తరచూ జరిగే తప్పులు, వాటి మందు

- ఆర్ పోస్టీరియర్ సున్నా దగ్గర గోడకు తగిలి ఉంటే "0.014 ± 0.01" అని రాయడం. 95 శాతం పై హద్దు చెప్పండి. పీ-విలువ కావాలంటే, హద్దు మీద ఉన్న పారామీటర్‌కు మామూలు ఒక డిగ్రీ లెక్కలో సగమే వస్తుందని గుర్తుంచుకోండి.
- మోడళ్లు నాలుగు నడిపి, బాగా వచ్చిన ఒక్కదాన్నే చూపడం. నాలుగూ పట్టికలో పెట్టండి.
- ఎన్ఎస్‌ను గెలిపించడానికి న్యూట్రినోల సంఖ్యను ఒక మోడల్‌లో వదిలి, ఇంకోదానిలో బిగించడం. రెండింట్లోనూ ఒకేలా ఉండాలి. ఆ రెండు పారామీటర్లూ కలిసే కదులుతాయి.
- ఏఐసీ, బీఐసీలను (కై-స్క్వేర్‌కు పారామీటర్ల సంఖ్యను బట్టి జరిమానా కలిపే కొలమానాలు) ఎవిడెన్స్‌కు బదులు వాడటం. తొలి వడపోతకు ఫర్వాలేదు. డేటా పట్టించుకోని పారామీటర్‌కు కూడా అవి జరిమానా వేస్తాయి, ఎవిడెన్స్ వేయదు.
- బేస్ ఫ్యాక్టర్ గుర్తు తారుమారవడం. ఏ మోడల్‌ను దేనితో భాగించారో ప్రతి పట్టిక తలకట్టులోనూ రాయండి.

13. ఫలితం రాసేటప్పుడు

పంపే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- కోడ్ వెర్షన్లు, ఖచ్చితత్వం సెట్టింగులు, ర్యాండమ్ సీడ్
- లైక్లీహుడ్‌ల పేర్లు, ఎల్ పరిధులు
- ప్రయర్ల పట్టిక, ఒక్కోదానికి ఒక్క వాక్యం కారణం
- పివట్ విలువ
- డేటా భాగాల వారీగా కై-స్క్వేర్ తేడా
- ఎవిడెన్స్, దాని ఎర్రర్, కనీసం రెండు ప్రయర్ వెడల్పులతో
- మొదటి అడుగులో రాసిన ఫైలు నుంచి ఎక్కడైనా తప్పుకుంటే అది ఏమిటి, ఎందుకు

తీర్పు వాక్యాన్ని పరీక్ష ఎంత చెప్పిందో అంతకే పరిమితం చేయండి. ఆరో విభాగంలోని రన్నింగ్ ఉదాహరణకు నేనైతే ఇలా రాస్తాను: "ప్లాంక్ 2018 డేటాతో రన్నింగ్ మైనస్ 0.0045 ± 0.0067. మైనస్ 0.1 నుంచి 0.1 దాకా సమాన ప్రయర్‌తో రన్నింగ్ లేని మోడల్ వైపు లాగ్ బేస్ ఫ్యాక్టర్ 2.3, ప్రయర్ వెడల్పును అయిదో వంతుకు కుదిస్తే 0.6. నెమ్మదిగా దొర్లే మోడళ్లు ఆశించే 0.001 లోపు విలువలను పరీక్షించే సున్నితత్వం ఈ డేటాకు లేదు."